మొదటి లినక్స్: మ్యూజిక్‌కీ, గేమ్స్‌కీ ఏది వేసుకోవాలి?

"అన్నా, నేను మ్యూజిక్ చేస్తా, గేమ్స్ ఆడతా. మొదటిసారి లినక్స్ వేస్తున్నా, ఏది వేయాలి?" ఈరోజు దీని గురించే మాట్లాడుకుందాం.

డిస్ట్రో పేరు తర్వాత. ముందు మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్లు, గేమ్స్ లిస్టు రాసుకోండి. రీపర్, బిట్‌విగ్, ఆర్డోర్ లినక్స్‌లో నేరుగా నడుస్తాయి. ఎఫ్ఎల్ స్టూడియో, ఏబుల్టన్ లైవ్‌కి మాత్రం లినక్స్ వెర్షన్ లేదు. మీ పాత ప్రాజెక్టులన్నీ వాటిలోనే ఉంటే విండోస్ తీసేయకండి. రెండూ పక్కపక్కనే ఉంచుకోండి.

ఇక గేమ్స్. 2018లో వాల్వ్ కంపెనీ ప్రోటాన్ తెచ్చాక, స్టీమ్‌లో ఉన్న విండోస్ గేమ్స్ చాలావరకు లినక్స్‌లో ఆడుకోవచ్చు. కానీ వాలరెంట్, ఫోర్ట్‌నైట్ నడవవు. వాటి యాంటీ-చీట్ లినక్స్‌ని ఒప్పుకోదు. అవే మీ ప్రాణమైతే, ఏ డిస్ట్రో వేసినా లాభం లేదు.

నన్నడిగితే, రికార్డింగ్ ముఖ్యమైనవాళ్లు ఉబుంటు స్టూడియోతో మొదలుపెట్టండి. ఆడియో ఆలస్యం తగ్గించే సెట్టింగులు, ఆర్డోర్ అందులో ముందే ఉంటాయి. స్టీమ్ మనం వేసుకోవచ్చు. గేమ్స్ కోసమే అయితే బజైట్ చూడండి, అందులో స్టీమ్ ముందే ఉంటుంది.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఉబుంటు స్టూడియోని ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా బూట్ చేయండి. మీ ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టి, ఒక్క నిమిషం రికార్డ్ చేసి వినండి. చిటపటలు లేకుండా వస్తేనే ఇన్‌స్టాల్ నొక్కండి. ఉంటాను మరి.