గేరు తెలిసి బండి నడపండి

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మెకానిక్కును కాను. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయితే మా దగ్గర చదివిన పిల్లల్లో చాలామంది ఈనాడు స్టీరింగు పట్టి పొట్టపోసుకుంటున్నారు. కొందరు ఇక్కడే టాక్సీలు తోలుతున్నారు, కొందరు గల్ఫులో ఇంటి డ్రైవర్లుగా ఉన్నారు. లైసెన్సు అందరికీ ఉంది. గేరు ఎందుకు మారుస్తామో తెలిసినవారు మాత్రం తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

ఇంజను శక్తిని బలంగా వాడాలా, వేగంగా వాడాలా అన్నది తేల్చేది గేరు. చాలా చిన్న కార్లలో మొదటి గేరులో ఇంజను సుమారు మూడున్నర చుట్లు తిరిగితే గేరుబాక్సు నుంచి బయటికొచ్చేది ఒక్క చుట్టు. వేగం తక్కువ, లాగే బలం ఎక్కువ. పై గేర్లలో దీనికి తారుమారు. ఒకటో తరగతి చదవని పిల్లవాణ్ణి ఐదులో కూర్చోబెడితే వాడెంత అవస్థపడతాడో, నిలిచి ఉన్న కారును మూడో గేరులో కదిలిస్తే క్లచ్ అంత అవస్థపడుతుంది.

మామూలు గేర్ల కారులో చెవే గురువు. ఇంజను మూలిగితే గేరు తగ్గించండి, అరిస్తే పెంచండి. గేరు మార్చాక క్లచ్ మీద కాలు ఉంచవద్దు. ఊరికే పెట్టిన కాలే క్లచ్ ప్లేటును అరగదీస్తుంది. కారు పూర్తిగా ఆగనిదే రివర్సు వేయవద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది దిగుడు. కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాటు మనలో చాలామందికి తెలిసినదే. అలాంటి చోట డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దింపేవారున్నారు. ఇది ఉత్త భ్రమ! నేటి ఇంజెక్షన్ ఇంజన్లలో, గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే ఇంధనం ఆగిపోతుంది, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్‌లోనైతే ఇంజను ఆరిపోకుండా ఇంధనం తాగుతూనే ఉంటుంది. అంటే మిగిలేది లేదు. పోయేదేమో ఇంజను పట్టు. అప్పుడు భారమంతా బ్రేకు మీద పడి, అది వేడెక్కి పట్టు వదులుతుంది. ఇక తాళంచెవి తిప్పి ఇంజనే ఆపేస్తే బ్రేకుకు, స్టీరింగుకు ఉన్న సాయం కూడా పోతుంది. పెద్ద డ్రైవర్లు చెప్పే సూత్రం ఒక్కటే: ఏ గేరులో ఎక్కుతావో, ఆ గేరులోనే దిగు.

ఇక ఆటోమేటిక్ కార్ల సంగతి. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో దీన్ని పెట్టారు. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో ఏఎంటీ పద్ధతి వచ్చింది. క్లచ్ పెడలు లేదు గనుక ఎడమకాలికి పని లేదు. బ్రేకుకూ యాక్సిలరేటరుకూ కుడికాలే. ఎడమకాలు కలిపితే కంగారులో రెండూ నొక్కే ప్రమాదముంది. బ్రేకు నొక్కిపట్టే 'డి'కి గాని 'ఆర్'కి గాని మార్చాలి. చాలా కార్లలో బ్రేకు వదలగానే బండి తనంతట తానే కదులుతుంది. పిల్లలు ముందు నిలబడి ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. ఏటవాలులో నిలిపేటప్పుడు ముందు హ్యాండ్ బ్రేకు, తరువాత 'పి'. 'పి' లేని ఏఎంటీ కార్లను గేరులో ఉంచి ఆపాలి. ఎక్కుడు మీద యాక్సిలరేటరుతో ఏఎంటీ కారును నిలబెడితే లోపలి క్లచ్ కాలుతుంది, బ్రేకుతో నిలపండి. ఘాటులో దిగేటప్పుడు ఆటోమేటిక్‌లోనూ తక్కువ గేరు ఎంచుకునే వీలుంటుంది, వాడండి.

గల్ఫుకు వెళ్లదలచిన కుర్రవాళ్లకు ఒక మనవి. ఎమిరేట్స్‌లో ఆటోమేటిక్ మీద పరీక్ష పాసైతే ఆటోమేటిక్ నడిపే లైసెన్సే ఇస్తారు. కాబట్టి ఇక్కడ ఉండగానే రెండూ బాగా నేర్చుకోండి. రెండు విద్యలు చేతిలో ఉంటే రెండు తలుపులు తెరిచి ఉంటాయి.

కారు కొనేటప్పుడు రంగు అడుగుతాం, మైలేజి అడుగుతాం. దానితో ఇచ్చే పుస్తకాన్ని మాత్రం అరలోనే వదిలేస్తాం. మీ కారు గేర్ల సంగతి అందులో ఉంది. మీకు చదవడం రాకపోతే ఇంట్లో చదువుకున్న అమ్మాయి చేతనో అబ్బాయి చేతనో చదివించుకొని వినండి. ఆ బండిలో కూర్చునేది కూడా వాళ్లే కదా!