గ్రహములు, యంత్రదూతలు, మన పిల్లలు

(సంఘ వార్షిక మహాసభయందలి విద్యాగోష్ఠిలో గావించిన యుపన్యాసము)



మన సంఘముయొక్క వార్షిక మహాసభయందు విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరియున్నారు. మేము ముప్పదియైదు సంవత్సరములు పాఠశాలలయందు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్నవారము. మా నోట వ్యాకరణమో కావ్యమో వినవచ్చునని తలంచినవారు మమ్ము మన్నింతురుగాక. నేడు మేము చెప్పబూనినది గ్రహములను గూర్చియు, వానికడకు మానవుడు పంపిన యంత్రములను గూర్చియు, ఆ వృత్తాంతమును మన పిల్లలకు చెప్పవలసిన తీరును గూర్చియు.

భాషాపండితునకు ఖగోళముతో పనియేమని యడుగవచ్చును. పని కలదు. మన యిండ్లలోని పిల్లలు గ్రహమను మాటను మొట్టమొదట వినునది పాఠశాలలో గాదు, జాతకము చూపించునపుడు. శని పట్టినదనియు, రాహువు చూచుచున్నాడనియు, కుజుడు కూడదనియు పెద్దలనుకొను మాటలు వారి చెవిని బడును. గ్రహధాతువునకు పట్టుట యర్థము గదా! పట్టి పీడించునదే గ్రహమని పసివాడు నిశ్చయించుకొనును. ఆ పిదప నుపాధ్యాయుడు వచ్చి, సూర్యుని చుట్టు తిరుగు గ్రహములు 8 అని వ్రాయించును. పిల్లవాడు పరీక్షకు ఎనిమిదియు, ఇంటికి తొమ్మిదియు కంఠస్థము చేయును. ఒకదాని నింకొకదానితో పోల్చి చూడుమని వానితో చెప్పువారు లేరు. ఈ రెండు పాఠములను ఎదురెదురుగా నుంచనిచో చదువు నాలుకమీదనే నిలుచును గాని గుండెలోని భయమును తాకదు.

ఇందుకొక నిదర్శనము. మాకొక శిష్యురాలు కలదు. గణితశాస్త్రమున పట్టము పుచ్చుకొన్న బుద్ధిమంతురాలు. 2014వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీని మన దేశపు మంగళయానము కుజుని కక్ష్యలో ప్రవేశించిన దినమున ఆమె మా యింటికి వచ్చి, ఆ వార్తను మాకు చెప్పి పొంగిపోయినది. ఆ సంవత్సరముననే యామెకు కుదిరిన సంబంధము కుజదోషమను పేర తప్పిపోయెను. తండ్రి మా యరుగుమీద కూర్చుండి, "పంతులుగారూ! ఆ కుజుని చుట్టు మనవారి యంత్రము తిరుగుచున్నదట గదా. మా పిల్లజోలికి రావలదని దానిచేత చెప్పింపరాదా?" యని నవ్వబోయి కంట తడిపెట్టుకొనెను.

సభ్యులారా! ఆ యంత్రము 2013 నవంబరు 5వ తేదీని మన శ్రీహరికోటనుండి బయలుదేరినది. కుజునికడ 6 మాసములు పనిచేసిన చాలునని పంపగా, ఏడేండ్లకు పైగా పనిచేసి, 2022లో మూగవోయినది. అదియు, దానికి ముందును వెనుకను పోయిన తక్కిన యంత్రములును చూచి పంపినదేమి? తుప్పుపట్టిన యినుముచేత ఎఱ్ఱబారిన నేల, మిక్కిలి పలుచని గాలి, ధూళి తుపానులు, ఆఱిన యగ్నిపర్వతములు, ధ్రువములయందలి మంచు. ఒక కన్యపై కోపము వానికెచ్చటను కానరాలేదు.

మేము పూర్వులను నిందింపవచ్చినవారము గాము. వారిచ్చిన పేళ్లే మనకు మొదటి పాఠము. శనైశ్చరుడనగా మెల్లగా నడచువాడు. ఈ పేరులో భయము లేదు, పరిశీలనము కలదు. రాత్రులు మేలుకొని, ఏండ్లతరబడి నక్షత్రముల నడుమ నా గ్రహముయొక్క చోటును గుర్తించినవారు గాని యా పేరు పెట్టజాలరు. శని యొక చుట్టు తిరుగుటకు ఇంచుమించుగా ఇరువదితొమ్మిదిన్నర సంవత్సరములు పట్టును. దానిని 30గా గొని 12 రాశులకు పంచినచో రాశి కొకటికి రెండున్నర యేండ్లు. మూడు రాశులకు ఏడున్నర. మన యిండ్లలో వణకుచు చెప్పుకొను ఏలినాటి శని లెక్క యిదియే. ఏడవతరగతి పిల్లవానిచేత ఈ భాగహారమును నల్లబల్లమీద చేయింపుడు. లెక్క ఆకాశమునుండి వచ్చినదనియు, భయము మనము చేర్చినదనియు వాడే తెలిసికొనును.

ఆర్యభటుడు క్రీస్తుశకము 499 ప్రాంతమున గ్రహణములు ఛాయలవలన గలుగునని చెప్పెను. ఐనను ఆయనకు దూరదర్శిని లేదు. పూర్వులకన్నియు తెలిసియుండెనని పిల్లలకు చెప్పుట వారికి గౌరవము గాదు. వారు కన్నులతో చూడగలిగినంత చూచి, లెక్కింపగలిగినంత లెక్కించిరి. ఆ చూచుటను, ఆ లెక్కించుటను మనము విడువకుండుటయే వారికి గౌరవము.

ఇక బోధనక్రమము. పేళ్లకంటె ముందు దూరములు చెప్పవలెను. పాఠ్యపుస్తకపు పటమున గ్రహములన్నియు దండలోని పూసలవలె ప్రక్కప్రక్కనే యుండును. మేము పిల్లలచేత చేయించిన పద్ధతి యిది. అడుగున్నర వెడల్పుగల గుమ్మడికాయను పాఠశాల గుమ్మమున బెట్టి సూర్యుడనుకొందము. అపుడు భూమి యొక జొన్నగింజ. గుమ్మడికాయకు 160 అడుగుల దూరమున నుండును. చంద్రుడొక గసగసల గింజ. జొన్నగింజకు 5 అంగుళముల దూరము. కుజుడు ఆవగింజ, 245 అడుగులు. గురుడు నిమ్మకాయ, 840 అడుగులు. శని యుసిరికాయ, 1540 అడుగులు. కడపటిదైన నెప్ట్యూను రేగుపండు, కిలోమీటరున్నర దూరము. పిల్లలు రేగుపండును చేతబట్టుకొని పొలముల గట్లవెంట నడచునప్పటికి, వారికి శూన్యమనగా నేమో కాళ్లకు తెలియును.

ఈ దూరములో మనుష్యుడు స్వయముగా పోయి కాలు మోపినది ఆ 5 అంగుళముల కొసనే. 1969 మొదలు 1972 వఱకు పండ్రెండుగురు చంద్రునిపై నడచిరి. అంతకు మించిన దూరమంతయు యంత్రములే పోయినవి. 1977లో బయలుదేరిన రెండవ వాయేజరు గురుని 1979లోను, శనిని 1981లోను, యురేనసును 1986లోను, నెప్ట్యూనును 1989లోను దర్శించెను. ఆ యేడే బయలుదేరిన మొదటి వాయేజరు మన గుమ్మడికాయ లెక్కలో ఇప్పటికి 8 కిలోమీటర్లు దాటి, ప్రక్క యూరు దాటి, ఇంకను పోవుచునేయున్నది.

ఈ యంత్రములను మేము యంత్రదూతలందుము. దూతకు లక్షణమేమి? ప్రభువునకు ప్రియమైనది గాక, చూచినది చూచినట్లు చెప్పుట. శుక్రుని సంగతి వినుడు. వేకువను వేగుచుక్కయై వెలుగు నా గ్రహము మేఘముల చాటున నుండుటచే, అచ్చట నీరును పచ్చదనమును ఉండవచ్చునని పూర్వము పండితులు గూడ నూహించిరి. 1970లో సోవియట్టువారి వెనెరా యేడవ యంత్రము దిగి, అది కొలిమివంటి చోటని తెలిపెను. అచ్చటి వేడిమి దాదాపు 460 డిగ్రీలు. గాలియొత్తిడి మన భూమిపై నున్నదానికి ఇంచుమించు 90 రెట్లు. 1982లో దిగిన పదుమూడవ వెనెరా 127 నిమిషములు తాళి, చిత్రములను పంపి, మూగవోయెను. ఊహ యెంత సుందరమైనను దూతవాక్యము ముందు తలవంచవలెనని పిల్లలకు నేర్పుటకు ఇంతకంటె మంచి కథ లేదు.

రెండవ పాఠము తప్పునుండి నేర్చుకొనుట. 2019 సెప్టెంబరులో మన రెండవ చంద్రయానపు దిగుయంత్రము చంద్రుని నేలను చేరబోవుచు చెడిపోయెను. దేశమంతయు మేలుకొని చూచినది. పరీక్ష తప్పిన బిడ్డను గదిలో పెట్టి తిట్టు తలిదండ్రులు మనలో కొందఱున్నారు. ఆ శాస్త్రజ్ఞులేమి చేసిరో వారు విందురుగాక. తప్పిన తావులను వెదకిరి. దిగుటకు నిర్ణయించిన చోటు మునుపు 500 మీటర్ల చదరము. దానిని 4 కిలోమీటర్ల పొడవు, రెండున్నర కిలోమీటర్ల వెడల్పుగా పెంచిరి. కాళ్లను బలపఱచిరి. ఇంధనము నెక్కువ చేసిరి. 2023 ఆగస్టు 23వ తేదీని మూడవ చంద్రయానము చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున సుఖముగా దిగెను. 26 కిలోల బరువుగల చిన్న బండి దానినుండి దిగి నడచి, ఆ మట్టిలో గంధకమున్నదని తెలిపెను.

మూడవది స్వతంత్రబుద్ధి. రేడియోవార్త వెలుతురువేగమున పోయినను, కుజుని చేరుటకు దూరమును బట్టి 3 మొదలు 22 నిమిషములు పట్టును. 2021 ఫిబ్రవరి 18వ తేదీని పెర్సెవరెన్సు అను బండి కుజుని గాలిలో ప్రవేశించి నేలకు దిగుటకు 7 నిమిషములే పట్టెను; వార్త భూమిని చేరుటకు 11 నిమిషములు. అనగా, దిగుచున్నానని అది చెప్పిన మాట మనకు వినబడునప్పటికే యది దిగియుండెను. అడిగి చేయుటకు వ్యవధి లేదు. నేర్పవలసినది ముందే నేర్పి పంపవలెను. మన పిల్లలును మన ప్రక్కను లేనిచోట, మనము లేని కాలమున, తామే నిర్ణయించుకొనవలసినవారు గదా! కంఠస్థము వారికచ్చట నక్కరకు రాదు.

శనికడకు పోయిన కాసీని దూతను గూడ చెప్పవలెను. అది 2004 మొదలు 2017 వఱకు, పదుమూడేండ్లు, శనియొద్దనే యుండెను. శని చుట్టు తిరుగు ఎన్సెలాడసు అను చిన్న చంద్రునిలో మంచుపొర క్రింద నీరున్నదని తెలిపెను. ఇంధనము తఱుగగా, తనతో భూమినుండి వచ్చిన సూక్ష్మజీవులేవైన ఆ నీటిని చెఱుపవచ్చునని శాస్త్రజ్ఞులు శంకించి, 2017 సెప్టెంబరు 15న దానిని శనిలోనే పడవైచి కాల్చివేసిరి. ఉన్నదో లేదో తెలియని ప్రాణికై చూపిన యీ జాగ్రత్తను గూర్చి వినిన పిల్లలు మా తరగతిలో చాలసేపు మాటాడకుండిరి.

ఇట్లు చెప్పునపుడు ప్రతి సంగతికిని పిల్లలచేత మూడు ప్రశ్నలడిగింపవలెను: ఎవరు చూచిరి? ఎట్లు చూచిరి? తప్పైనచో నెట్లు తెలియును? ఈ ప్రశ్నలు వ్యోమనౌకలకే గాక, జాతకమునకును, వార్తాపత్రికకును, చేతిలోని ఫోనునకును, ఉపాధ్యాయునకును గూడ వర్తించును.

ఇక సంఘమువారికి మా విన్నపములు మూడు.

మొదటిది: మన విద్యార్థి వసతిగృహమునకు ఒక చిన్న దూరదర్శినిని కొనవలెను. శనివలయమును, గురుని నాలుగు చంద్రులను చూపుటకు పెద్దది యక్కఱలేదు. మన తెలుగునాట నిది క్రొత్త పనిగాదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతముననే వేధశాలను స్థాపించిరి. పిమ్మట దానిని నిర్వహించిన అంకితము వెంకట నరసింగరావుగారు 1874 డిసెంబరు 9వ తేదీని శుక్రుడు సూర్యబింబము మీదుగా దాటుటను పరిశీలించిరి. దూరదర్శిని చూపు రాత్రులయందు బాలికలను తల్లులతోడ పిలువవలెను. ఊరిలోని తక్కిన కులముల పిల్లలను గూడ పిలువవలెను. ఆకాశమునకు కట్టుబాటు లేదు.

రెండవది: సంవత్సరమున కొకపరి మన విద్యార్థులను శ్రీహరికోటకు కొనిపోవలెను. అచ్చట రాకెట్టు ప్రయోగములను ప్రజలు చూచుటకు 2019 నుండి వీక్షణశాల కలదు.

మూడవది కొందఱకు కటువుగా తోచవచ్చును. మన సంఘము ప్రచురించు వధూవరుల పట్టికలో "కుజదోషము కలదా?" యను గడి యొకటి యున్నది. ఎవరి యింట వారు ఏమి చూపించుకొందురో యది వారి యిష్టము. దానికి మేమడ్డు చెప్పము. కాని సంఘము తన పేర నా ప్రశ్న యడుగరాదు. ఒక చేతితో దూరదర్శినిని, ఇంకొక చేతితో నా పట్టికను ఇచ్చినచో పిల్లలు మనలను నమ్మరు. ఆ గడిని తీసివేయవలెనని మేము తీర్మానమును ప్రతిపాదించుచున్నాము. పెద్దలు చర్చించి, సమ్మతమైనచో నామోదింతురుగాక.

 మన బిడ్డలు నిర్భయముగా తలయెత్తి ఆకాశమును చూతురుగాక!

స్వస్తి.