యాడి పెట్టిన రొట్టెలు



మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీల కథ మీలో చాలామందికి తెలుసు. పొద్దున్నే వచ్చినవాడికీ, ఇంకో గంటలో పని ముగుస్తుందనగా వచ్చినవాడికీ యజమాని ఒక్కో దేనారమే ఇచ్చాడు. ఆ లెక్క నాకు చాలా ఏళ్లు మింగుడు పడలేదు.

తండా నుంచి వచ్చి కృష్ణానగర్‌లో ఒకే గదిలో ఉండేవాళ్లం. పక్కనున్న బంజారాహిల్స్‌కు మన పేరైతే ఉంది గానీ, అక్కడ అద్దె కట్టే స్తోమత మాకెక్కడిది! నేనూ తమ్ముడూ తెల్లవారకముందే షూటింగ్ పని కోసం అడ్డా మీద నిలబడేవాళ్లం. ఒకరోజు నన్ను సెట్ పనికి తీసుకెళ్లారు. వాణ్ణి ఎవరూ పిలవలేదు. రాత్రి మా యాడి ఇద్దరికీ మూడేసి జొన్నరొట్టెలు పెట్టింది.

"పని చేసింది నేను కదా" అన్నాను.

తమ్ముడు కంచం దగ్గర్నుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

యాడి కోప్పడలేదు. "వాడూ పొద్దంతా ఎండలో నిలబడ్డాడు. ఆకలి తక్కువైందా వాడికి?" అంది.

సువార్తలో ఆఖరున వచ్చినవాళ్లూ సోమరులు కారు. తమను ఎవరూ కూలికి పెట్టుకోలేదనే చెప్పారు. ఎన్నిసార్లు చదివినా ఆ మాట నేను పట్టించుకోలేదు. యాడికి చదువు రాదు.

నా కంచంలోంచి ఒక రొట్టె తీసి తమ్ముడికి వేశాను. వాడు సగం తుంచి నాకే ఇచ్చాడు.