యువజన పరిచారకునికి తోడెవరు?



మన పాస్టరేటులలో యువజన కూటముల పనికి మనిషిని ఎట్లు ఎన్నుకొనుచున్నామో మీకు తెలియనిది కాదు. గిటారు వాయించునా? కాయిర్‌లో పాడునా? మోటారు సైకిలున్నదా? ఇంతటితో పరీక్ష ముగియును. మరునాటి నుండి నలుబది మంది పిల్లల బరువు అతని మీద పడును. పాటలు నేర్పుట అందులో తేలిక పని.

ఒక సాయంకాలము కూటము ముగిసిన తరువాత పదునైదేండ్ల బాలిక వెనుక ఉండిపోయి, "అన్నా, ఎవరికీ చెప్పనని మాట ఇస్తేనే చెప్తాను" అన్నదనుకొనండి. మంచి హృదయము గల మన పరిచారకుడు వెంటనే మాట ఇచ్చును. ఆ పిల్ల చెప్పినది ఇంటిలోని పెద్దవాడొకడు తనపై చేయుచున్న లైంగిక హింస. ఇప్పుడతడేమి చేయవలెను? 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, పదునెనిమిదేండ్లు నిండని వారిపై ఇట్టి నేరము జరిగినట్లు తెలిసిన వారు పోలీసులకు తెలియజేయవలసినదే. దాచుట శిక్షార్హము. పెద్దలు కూర్చుండి రాజీ చేయుటకు అది పొలము గట్టు తగాదా కాదు. శిక్షణ పొందినవాడు ముందుగానే, "నీకు ప్రమాదం ఉంటే సాయం చేయగలవాళ్లకు చెప్పాల్సి వస్తుందమ్మా. నీకు తెలియకుండా మాత్రం చెప్పను" అనును. పిల్లల సహాయమునకు 1098 నంబరున్నదని కూడ అతనికి తెలిసియుండును. ఇవి ప్రార్థనాపరుడైనంత మాత్రమున వచ్చునవి కావు, ఒకరు నేర్పవలెను. అసలు ఆ బాలిక చెప్పుకొనుటకు ఒక అక్క ఉండవలసినది. స్త్రీలను ఈ పనికి ఎందుకు పిలువమో నాకు బోధపడదు.

ఇంగ్లండులో 1960లో ఆల్బెమార్ల్ నివేదిక వెలువడగా, 1961లో లెస్టరు పట్టణమున యువజన నాయకుల శిక్షణకు జాతీయ కళాశాల తెరచిరి. ఒక్క సంవత్సరపు కోర్సు. 1970లో అది మూతపడినను, ఇది నేర్చి చేయవలసిన వృత్తియను తలంపు అక్కడ నిలిచినది. మన దేశములో శ్రీపెరుంబుదూరునందు 1993లో ఏర్పడిన రాజీవ్ గాంధీ జాతీయ యువజనాభివృద్ధి సంస్థ ఉన్నది. అయితే పగలు బడిలోనో బ్యాంకులోనో ఉద్యోగము చేసికొనుచు ఆదివారము మనకు పనిచేయువారు ఏడాది చదువుకు ఎట్లు పోగలరు? వారికి మూడేసి దినముల తరగతులు ఏటికి రెండుమార్లు పెట్టవచ్చును.

తరగతి ముగిసి ఇంటికి వచ్చిన తరువాత సంగతి ఏమి? దోర్నకల్ తొలి బిషప్ వి.ఎస్. అజరయ్య గారు 1912లో అభిషేకము పొందకముందు చాల సంవత్సరములు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా యువకుల మధ్య పనిచేసిరి. 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపించినవారిలో ఆయనయు, ఆయన మిత్రులు కె.టి. పాల్ గారును ఉండిరి. అంతటి వారికిని ఆలోచన చెప్పుకొన తోటివారుండిరి. మన పరిచారకుడు మాత్రము ఒంటరిగా నలిగి, రెండేండ్లకు మానుకొనును.

కావున ఇరుగుపొరుగు నాలుగైదు పాస్టరేటుల యువజన పనివారు నెలకొక శనివారము కలిసికొనవలెనని నా మనవి. పిల్లల పేర్లు ఎత్తకుండ చిక్కులు చెప్పుకొందురు. ఒకరు తప్పిపోయిన మార్గము మరొకరికి తెలిసియుండవచ్చును. పాస్టరులము ఆ కూటములో కూర్చుండరాదు. మనమున్నచో వారు నోరు విప్పరు, మనము ఊరకుండము.

కోతపండుగ షామియానాకు మనము వెచ్చించుదానిలో కొంత తీసినచో వారి బస్సు చార్జీలు, టీ ఖర్చు ఏడాది పొడుగున సరిపోవును. వచ్చే పాస్టరేటు కమిటీలో ఖజానాదారు గారు ఈ పద్దును వ్రాయవలెనని కోరుచున్నాను.