డీజిలు పన్ను, వేడెక్కుతున్న భూమి, మన పాల బిల్లు

(ప్రాథమిక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఇంధనం మీద పన్ను ఉండవచ్చునా, కూడదా, భూమి వేడెక్కడానికి బాధ్యులెవరు అనే చర్చలు పత్రికలలో చూసి, ఇవి పట్టణం వారి విషయాలని మనం పక్కన పెడుతుంటాము. ఈ చర్చ మన పాల బిల్లులోనే ఉన్నదని మనవి చేయడానికి ఈ ప్రసంగం.

ముందుగా లెక్క చూద్దాము. పితికిన పాలు సుమారు 37 డిగ్రీల వేడితో ఉంటాయి. వాటిని 4 డిగ్రీలకు దించితేనే నిలుస్తాయి. 1000 లీటర్లను అలా చల్లబరచడానికి బల్క్ కూలరు సుమారు 15 యూనిట్ల కరెంటు తీసుకుంటుందనుకోండి. యూనిటు 8 రూపాయలైతే ఖర్చు 120 రూపాయలు, అంటే లీటరు పాలకు 12 పైసలు. కరెంటు పోయి జనరేటరు వేస్తే, ఒక లీటరు డీజిలుకు వచ్చేది 3 యూనిట్లు. 15 యూనిట్లకు 5 లీటర్లు కావాలి. డీజిలు లీటరు 100 రూపాయలనుకుంటే 500 రూపాయలు, అంటే లీటరు పాలకు 50 పైసలు. తేడా 38 పైసలు. ఇది ఎవరి జేబులో నుంచి పోయిందో వేరే చెప్పనక్కరలేదు. టాంకరు డీజిలు, డెయిరీలో బాయిలరు ఇంధనం, పశుగ్రాసానికి వేసే యూరియా తయారీకి వాడే గ్యాసు ఇంకా ఈ లెక్కలోకి రాలేదు.

మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా విదేశాల నుంచి వచ్చేదే. 1973లో పశ్చిమాసియాలో యుద్ధం వస్తే కొద్ది నెలలలోనే చమురు ధర దాదాపు నాలుగింతలైంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చినపుడు ధరలు మరల ఎగిరాయి. ఎక్కడో తుపాకి పేలితే ఇక్కడ పాడి రైతుకు గాయం అవుతున్నది. పరాధీనత అంటే ఇదే.

ఇక పన్ను సంగతి. 2017లో వచ్చిన జీఎస్టీలో డీజిలును చేర్చలేదు. కేంద్రం ఎక్సైజ్ సుంకం వేస్తుంది, దానిపై రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. 2020లో ప్రపంచ మార్కెట్టులో చమురు ధర పడిపోయినపుడు డీజిలుపై ఎక్సైజ్ సుంకాన్ని లీటరుకు 31 రూపాయల 83 పైసలకు పెంచారు. లాక్‌డౌనులో హోటళ్ళు మూతపడి, పాల అమ్మకాలు దెబ్బతిన్న రోజులవి. చమురు చవకైన ఫలం మన జనరేటరు దాకా రాలేదు. తరువాత 2021 నవంబరులో 10 రూపాయలు, 2022 మేలో 6 రూపాయలు తగ్గించారు.

అయితే పన్ను పూర్తిగా ఎత్తివేయమని అడగటం సబబా? నాకు అలా తోచదు. డీజిలు, బొగ్గు మండినపుడు వెలువడే వాయువు ఆకాశంలో చేరి భూమిని వేడెక్కిస్తున్నది. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం 2024 సంవత్సరపు సగటు ఉష్ణోగ్రత, పరిశ్రమల యుగానికి ముందున్న దానికంటే దాదాపు ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువ. గేదె నల్లని చర్మం ఎండను పీల్చుకుంటుంది, దానికి చెమట గ్రంథులు తక్కువ. వేడికి మేత తగ్గిస్తుంది, ఎదకు వచ్చినా లక్షణాలు కనపడవు, చూడి నిలవదు. సంకరజాతి ఆవుల పాలు దిగిపోతాయి. కనుక చమురు మనను రెండు వైపుల కొడుతున్నది. ధరగా ఒకసారి, ఎండగా మరొకసారి. గోరుచుట్టుపై రోకటిపోటు అంటే ఇదే.

ఇతర దేశాల పాడి రైతుల అనుభవం చూడండి. 1882లో హ్యెడింగ్ గ్రామంలో తొలి సహకార డెయిరీని నెలకొల్పిన దేశం డెన్మార్క్. పశువులు నెమరు వేస్తూ త్రేన్చినపుడు వెలువడే మీథేను మీద అక్కడ 2030 నుంచి పన్ను వేయడానికి 2024లో ఒప్పందం కుదిరింది. కర్బన వాయువుల లెక్కలో టన్నుకు 300 క్రోనర్లు. అందులో 60 శాతం మినహాయింపు పోగా చెల్లించేది 120. రైతుల సంఘం, ప్రకృతి పరిరక్షణ సంఘం, ప్రభుత్వం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఈ మాట అనుకున్నారు. తొలి రెండేళ్ళ వసూళ్ళు తిరిగి వ్యవసాయంలో మార్పులకే ఇవ్వాలని నిర్ణయించారు. న్యూజీలాండులో 2003లో ఇటువంటి ప్రతిపాదన రైతుల నిరసనతో ఆగింది, 2022లో మళ్ళీ వచ్చింది, 2024లో ప్రభుత్వమే వెనక్కు తగ్గింది. ఫ్రాన్సులో 2018లో ఇంధన పన్ను పెంచబోతే, బస్సులు లేని పల్లెల జనం పసుపు చొక్కాలు తొడుక్కుని రోడ్లెక్కారు. పెంపు ఆగిపోయింది.

మన దేశంలో 2010లో బొగ్గుపై టన్నుకు 50 రూపాయల సెస్సు వేశారు. 2016 నాటికి అది 400 అయింది. శుద్ధమైన ఇంధనాల కోసం ఆ డబ్బుతో ఒక నిధి పెట్టారు. 2017 తరువాత బొగ్గుపై వసూలైన సొమ్ము జీఎస్టీ వల్ల రాష్ట్రాలకు కలిగిన నష్టం పూడ్చడానికి వెళ్ళింది. 2025లో ఆ సెస్సునే ఎత్తివేశారు.

ఆడిటు చేసేవాడిగా నేను ఒక మాట చెబుతాను. సంఘంలో భవన నిధికి వసూలు చేసిన సొమ్ము బోనసుకు పంచితే మేము అభ్యంతరం రాస్తాము. ఏ పద్దుకు వసూలు చేశారో ఆ పద్దుకే ఖర్చు కావాలి. ఇంధన పన్నుకూ ఇదే న్యాయం. పల్లెవాసి కట్టిన పన్ను అతనికి చమురు అవసరం తగ్గించే సాధనంగా తిరిగి రావాలి. సోలారు పలకలతో నడిచే కూలరు, మంచి కరెంటు, గోబర్ గ్యాస్ ప్లాంటు, ఇవీ మనం అడగవలసినవి. అటువంటి మార్గం చూపకుండా పన్ను మాత్రమే పెంచితే అది శిక్ష అవుతుంది. కేవలం పన్ను తగ్గించి ఊరుకుంటే మన పరాధీనత అలాగే ఉంటుంది.

మన పశువులపై పన్ను వేయమని నేను అనడం లేదు. వందల ఆవులున్న డెన్మార్క్ కొట్టానికీ, రెండు గేదెలతో పిల్లలను చదివించే ఇల్లాలికీ ఒకే కొలత పనికిరాదు. 2021లో గ్లాస్గోలో మీథేను తగ్గింపు ప్రతిజ్ఞ చేసిన దేశాలలో భారతదేశం చేరలేదు. అయినా సమతుల్యమైన దాణా, ఖనిజ మిశ్రమం, పచ్చిమేత పెడితే లీటరు పాలకు వెలువడే మీథేను తగ్గుతుంది, పాలు పెరుగుతాయి. ఇందులో మనకు నష్టం లేదు.

పేడ సంగతి మరువరాదు. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ చాలు, నాలుగైదు పశువులున్న ఇంటికి పొయ్యి వెలుగుతుంది. వంట గ్యాసులో సగానికి పైగా మన దేశం దిగుమతి చేసుకుంటున్నది. మిగిలిన స్లర్రీ పొలానికి ఎరువు. గుజరాతులో ఆనంద్ దగ్గర జకరియాపురా గ్రామంలో పాడి మహిళలు ఇంటింటా ఇటువంటి ప్లాంట్లు పెట్టుకున్నారు, మిగులు స్లర్రీని అమ్ముకునే ఏర్పాటు కూడా ఉన్నది. ఒక్కటి గమనించాలి. గ్యాసు లీకవుతున్న ప్లాంటు మీథేనును గాలిలోకి వదులుతుంది. కట్టడంతో పని అయిపోదు, కనిపెట్టి ఉండాలి.

కార్యదర్శులకు నా విన్నపం. నేటి నుంచి జనరేటరు నడిచిన గంటలు, పోసిన డీజిలు, చల్లబరచిన పాలు ఒక రిజిస్టరులో రాయండి. ఇప్పుడు చాలా చోట్ల ఈ ఖర్చు 'ఇతరములు' పద్దులో దాగి ఉంటుంది. దాగిన ఖర్చును ఎవరూ తగ్గించలేరు. పాలకవర్గానికి నా విన్నపం, ఆ లెక్కను వచ్చే సర్వసభ్య సమావేశంలో సభ్యుల ముందు చదవండి. లీటరుకు ఎన్ని పైసలు పొగగా పోతున్నాయో తెలిస్తే, సోలారు కూలరుకు వాటా ధనం పెట్టాలా వద్దా అన్నది సభ్యులే తేల్చుకుంటారు. ప్రభుత్వానికి మన తీర్మానం పంపినపుడు కూడా ఆ అంకెలు జతచేయండి. అంకెలున్న అర్జీని తేలికగా తోసివేయలేరు.