ఆనెకాయలు, పాదయాత్ర
(రామకృష్ణాపూర్‌లో పాదయాత్రికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై ఇంతవరకు నేను పురాణమే చెప్పియున్నాను. నేడు ఆనెకాయలను గురించి చెబుతానన్నప్పుడు నిర్వాహకులు నవ్వారు. భగవంతుని పాదాలను గురించి ఎంతసేపైనా వింటాము. మన పాదాల మాట వస్తే మాత్రము నవ్వు వస్తుంది. కాని చైత్ర పూర్ణిమ సమీపిస్తున్నది. మాల ధరించిన స్వాములు మన ఊరినుండి, మందమర్రినుండి కాలినడకన బయలుదేరి, రాయపట్నం వద్ద గోదావరి దాటి, ధర్మపురి, జగిత్యాల మీదుగా కొండగట్టు అంజన్న సన్నిధికి చేరుతారు. వారు అడుగు కదపకముందే ఈ మాట చెప్పవలసియున్నది.

కొన్నేండ్ల క్రిందట ఒక విశ్రాంత గనికార్మికుడు నా వద్దకు వచ్చాడు. "అయ్యగారూ, నాకు షుగరున్నది. అరికాలుకు ఆనె అయ్యింది. మెత్తటి చెప్పులు తొడుక్కొని నడిస్తే దోషమా?" అని అడిగాడు. నేను క్షణమైనా ఆలోచింపక, దీక్షలో పాదరక్షలు కూడవన్నాను. ఆయన వట్టికాళ్లతోనే నడిచాడు. దారిలో నొప్పి తెలియలేదు. అది అంజన్న దయ అనుకున్నాడు. తిరిగివచ్చిన తరువాత చూస్తే ఆనె క్రింద చీము పట్టియున్నది. చివరకు ఒక వేలు తీసివేయవలసి వచ్చినది. ఆయన నేటికీ ఎదురుపడితే చేతులు జోడిస్తాడు, ఒక్క మాట అనడు. అనియుంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆ తరువాతనే నేను ఈ విషయమును చదివాను, వైద్యులను అడిగాను. ఒకే చోట ఒత్తిడి, ఒరిపిడి పదేపదే పడితే చర్మము తన్ను తాను కాపాడుకొనుటకు పైపొరను మందము చేసుకుంటుంది. వెడల్పుగా, బల్లపరుపుగా ఏర్పడితే కాయ కాచినదంటాము. తట్ట మోసిన చేతికి, చెప్పు లేని మడమకు అది సహజము. ఒక బిందువుననే ఒత్తిడి పడితే ఆ గట్టిదనము మేకువలె లోనికి దిగుతుంది. అదే ఆనె. అడుగు వేసినప్పుడు రాయి గుచ్చుకొన్నట్లుండుట అందువలననే. పులిపిరిని కూడ కొందరు ఆనె అనుకుంటారు. పులిపిరి వైరస్ వలన వచ్చేది. దానిలో తరచు సన్నని నల్లచుక్కలు కనిపిస్తాయి, ప్రక్కలనుండి నొక్కితే నొప్పి ఎక్కువ.

షుగరు వ్యాధి ముదిరినవారికి పాదాల నరములు మొద్దుబారుతాయి. కాయ క్రింద పుండు పడినా తెలియదు. నొప్పి లేకపోవుటయే అక్కడ ప్రమాదము.

ఇది క్రొత్త వ్యాధి కాదు. సుశ్రుతుడు నిదానస్థానము 13వ అధ్యాయములో, క్షుద్రరోగాల నడుమ, దీనిని కదరమని పేర్కొని, రాళ్లవలన, ముండ్లవలన కలుగుతుందన్నాడు. దానిని పెరికి, కాగిన నూనెతో కాల్చుట చికిత్సగా చెప్పాడు. అది శస్త్రము నేర్చిన వైద్యునికి చెప్పిన మాట. ఇంట్లో గడ్డము గీసుకొనే బ్లేడుతో కోసుకొనేవారికీ, నల్లజీడి సొన పెట్టి కాల్చుకొనేవారికీ కాదు. బ్లేడు పట్టినవారిలో నేనూ ఒకణ్ణి. బహుకాలము నా ఆనెను తపస్సుకు గురుతుగా భావించిన మూఢత్వమూ నాకున్నది. చివరకు దాని కారణము చెప్పినది శాస్త్రము కాదు, చెప్పులు కుట్టేవాడు. అరిగిన నా చెప్పును తిరగవేసి, "పంతులుగారూ, మీ బరువంత బయటి అంచుమీదనే పడుతున్నది" అన్నాడు. మెత్తటి అట్ట వేసి, ముందుభాగము వెడల్పు చేశాడు. కొన్ని నెలలకు నొప్పి తగ్గినది.

షుగరు లేనివారు గోరువెచ్చని నీటిలో పది, పదిహేను నిమిషాలు పాదములుంచి, మెత్తబడిన తరువాత పాదాలు రుద్దే రాయితో మెల్లగా అరగదీసి, కొబ్బరినూనె పట్టించవచ్చును. ఒక్కనాటిలో అంతా తీయబూనవద్దు. వేళ్ల సందులలో నూనె పెట్టక పొడిగా ఉంచాలి. షుగరున్నవారు ఇదేదీ స్వయముగా చేసుకొనరాదు. మందుల దుకాణములో దొరికే ఆనె పట్టీలలో శాలిసిలిక్ ఆమ్లముంటుంది. అది మంచి చర్మమునూ తినివేస్తుంది. వారు వాటి జోలికి పోక వైద్యునికే చూపించాలి. ప్రతి రాత్రి అరికాలును అద్దములో చూసుకోవాలి, లేదా ఇంటివారిచేత చూపించుకోవాలి.

ఇక దీక్ష మాట. గనిలోనికి రక్షణ బూట్లు లేనిదే ఎవరినీ దిగనీయరు. మాలలో ఉన్న స్వామియైనా బూట్లు తొడిగే దిగుతాడు, పైకి వచ్చి విప్పుతాడు. ఆయన దీక్ష భంగమైనదని ఈ బొగ్గుబాయి ప్రాంతములో ఎవరైనా అన్నారా? చరకసంహిత సూత్రస్థానము 5వ అధ్యాయము పాదత్ర ధారణమును నిత్యకృత్యములలో చేర్చినది. రోగికి నియమములలో సడలింపు ఉన్నదని మన పెద్దలూ ఒప్పుకొన్నారు. ఇవన్నీ చదివియున్న నేనే ఆనాడు కూడదన్నాను.

కనుక షుగరున్నవారు, కాళ్లు మొద్దుబారినవారు దారిలో మెత్తటి, వెడల్పైన చెప్పులు తొడుక్కొనే నడవండి. గుడి ముంగిట విప్పండి. ఎండకు కాగిన బండలపై మాత్రము వారు వట్టికాళ్లతో నిలువరాదు. ఎవరైనా ఆక్షేపిస్తే నా పేరు చెప్పండి.

గత మాసము ఆ విశ్రాంత కార్మికుడు మరల వచ్చాడు. ఈసారి నడువనా వద్దా అని అడిగాడు. ముందు వైద్యుని అడగమన్నాను. ఆయన ఒప్పుకుంటే చెప్పుల దుకాణమునకు ఇద్దరమూ కలిసి పోవుదమన్నాను.