చేతిలో జీపీఎస్, అడవిలో కొలంబియా ముక్కలు

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో మ్యాప్స్ ఓపెన్ చేసి, మీరున్న చోట వేలు పెట్టి కాసేపు అలాగే నొక్కి పట్టుకోండి. రెండు నంబర్లు వస్తాయి. హైదరాబాద్‌లో ఉంటే 17.38, 78.48 ఇలా ఏదో కనిపిస్తుంది. వచ్చిందా? ఈరోజు కథంతా ఆ రెండు నంబర్ల గురించే.

2003 ఫిబ్రవరి 1, శనివారం. మనకు రాత్రి ఏడున్నర, అమెరికాలోని టెక్సాస్‌లో ఉదయం 8 గంటలు. కొలంబియా స్పేస్ షటిల్ 16 రోజుల ప్రయాణం ముగించుకుని ఫ్లోరిడాలో దిగాలి. ఇంకో 16 నిమిషాలే ఉంది. అప్పుడే టెక్సాస్ మీద, దాదాపు 60 కిలోమీటర్ల ఎత్తులో, ధ్వని కంటే 18 రెట్లు పైగా వేగంలో అది ముక్కలైపోయింది. లోపల ఏడుగురు. వాళ్లలో మన కల్పనా చావ్లా ఒకరు. నాకప్పుడు ఐదారేళ్లు. టీవీలో ఆకాశంలో తెల్లటి గీత ఒకటి రెండుగా, మూడుగా చీలిపోతుంటే మా అమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుని నిలబడిపోవడం మాత్రం గుర్తుంది. ఏమైందో అర్థం కాలేదు.

ఎందుకు ముక్కలైందో చాలామందికి తెలుసు. లాంచ్ అయిన 82వ సెకనులో బయటి ట్యాంకు నుంచి ఒక ఫోమ్ ముక్క ఊడొచ్చి ఎడమ రెక్క అంచుకి తగిలింది. అక్కడ పడిన కన్నంలోంచి, తిరిగొచ్చేటప్పుడు మండిపోయే వేడి లోపలికి వెళ్లింది. కానీ ఇది మనకి ఇప్పుడు తెలుసు. ఆ రోజు ఎవరికీ గ్యారంటీగా తెలియదు. తెలియాలంటే ముక్కలు కావాలి. ముక్కలేమో తూర్పు టెక్సాస్ నుంచి లూసియానా దాకా, 5,000 చదరపు కిలోమీటర్లకు పైగా చల్లినట్టు పడి ఉన్నాయి. పైన్ అడవులు, చిత్తడి నేలలు, చెరువులు, పశువుల దొడ్లు, ఇళ్ల పెరళ్లు... నాకడోచెస్ అనే ఊళ్లో అయితే బ్యాంకు పార్కింగ్‌లోనే ఒక ముక్క పడింది.

ఆ పొద్దున షెరీఫ్ ఆఫీసులకు ఫోన్లే ఫోన్లు. "మా పొలంలో ఏదో కాలిన ఇనప ముక్క పడిందండీ" అని ఒకరి తర్వాత ఒకరు. సరే, పోలీసు వెళ్లాడు, చూశాడు. ఇప్పుడు దాన్ని రిపోర్టులో ఎలా రాస్తాడు? "పెద్ద పైన్ చెట్టు దగ్గర" అనా? ఆ అడవిలో ఉన్నవన్నీ పైన్ చెట్లే!

అప్పుడు చేతిలో స్మార్ట్‌ఫోన్ దాదాపు ఎవరి దగ్గరా లేదు. జీపీఎస్ అంటే జేబులో పట్టేంత విడి పరికరం. నలుపు తెలుపు స్క్రీను, రెండు పెన్సిల్ బ్యాటరీలు. వేటగాళ్లు, పడవలవాళ్లు, ఫారెస్ట్ వాళ్లు కొనేవాళ్లు. వాళ్లతో పాటు ఇంకో రకం జనం కూడా ఉన్నారు. జియోకాషింగ్ పిచ్చోళ్లు.

ఈ జియోకాషింగ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, నాకు చాలా ఇష్టం. 2000 మే 2 దాకా మామూలు జనానికి వచ్చే జీపీఎస్ సిగ్నల్‌ని అమెరికా సైన్యం కావాలనే కొంచెం చెడగొట్టి పంపేది. 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. అంటే మీరు మీ ఇంట్లో కూర్చుంటే అది పక్క వీధిలో ఉన్నారని చూపించొచ్చు. ఆ రోజు దాన్ని ఆపేశారు. రాత్రికి రాత్రి తేడా పది, ఇరవై మీటర్లకు దిగిపోయింది. మర్నాడే, మే 3న, ఆరిగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక నల్ల బకెట్‌లో కొన్ని వస్తువులు, ఒక పుస్తకం పెట్టి అడవి అంచున దాచి, దాని నంబర్లు ఇంటర్నెట్‌లో పెట్టాడు. వెతికి పట్టుకోండి చూద్దాం అని! దొరికితే ఏదో ఒకటి తీసుకో, బదులుగా ఏదో ఒకటి పెట్టు, పుస్తకంలో పేరు రాయి. అంతే ఆట. మూడేళ్లు తిరిగేలోపు ఇది ఊరూరా పాకిపోయింది.

మన దగ్గర చిన్నప్పుడు గోళీలు, చింతగింజలు మట్టిలో దాచుకుని రేపొచ్చి తీసుకునేవాళ్లం కదా, దానికి శాటిలైట్ కలిపితే ఇదే అన్నమాట.

ఇప్పుడు టెక్సాస్‌కి రండి. కేంద్రం నుంచి పెద్ద టీములు దిగి కుదురుకునే లోపు, ఆ మొదటి రోజుల్లో, పరికరం చేతిలో ఉన్న మామూలు జనమే ముందుకొచ్చారు. నాకడోచెస్‌లోని స్టీఫెన్ ఎఫ్ ఆస్టిన్ యూనివర్సిటీలో ఫారెస్ట్రీ కోర్సు ఉంది కాబట్టి వాళ్ల దగ్గర జీపీఎస్‌లు, మ్యాపులు గీసే కంప్యూటర్లు రెడీగా ఉన్నాయి. స్టూడెంట్లు, ప్రొఫెసర్లు వాటిని పట్టుకుని పోలీసులతో పాటు వెళ్లారు. హాబీవాళ్లు కూడా సొంత పరికరాలతో చేయి కలిపారు. ముక్క కనిపిస్తే దగ్గర నిలబడు, సిగ్నల్ స్థిరపడేదాకా ఆగు, నంబర్లు రాయి, ఫొటో తియ్యి, గుర్తుగా జెండా పాతు, ఇంకో చోటికి నడువు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది చూడండి. వాళ్ల ఆట రూలేమో దొరికింది తీసుకో అని. ఇక్కడ రూలు ముట్టుకోవద్దు అని. ఎందుకంటే షటిల్ ఇంధనాల్లో హైడ్రజీన్ లాంటి విషాలున్నాయి. పైగా అది ప్రమాద దర్యాప్తు సాక్ష్యం. కొందరు కక్కుర్తి పడ్డారు కూడా. ప్రమాదం జరిగిన రోజే ఈబేలో కొలంబియా ముక్కలంటూ అమ్మకానికి పెట్టారు, సైటువాళ్లు తీసేశారు. ఏడుగురు చనిపోయిన చోట నుంచి సావనీరు! నాకైతే ఈ సంగతి చదివినప్పుడు ఒళ్లు మండింది. ఆటలో డబ్బాలు తెరిచే అలవాటున్నవాళ్లు ఇక్కడ చేతులు కట్టుకుని నంబర్లు మాత్రమే రాసుకున్నారు, అదీ తేడా.

సరే, నంబర్లు రాయడంలో ఏముంది, ఎవరైనా రాస్తారు కదా అంటారేమో. లేదండీ. నాకు సొంత అనుభవం. ఉద్యోగం చేసే రోజుల్లో ఒక కంపెనీలో డెలివరీ యాప్‌కి కోడ్ రాశాను. రెండు నంబర్లూ తారుమారు చేశాను, 78.48 ముందు, 17.38 తర్వాత. హైదరాబాద్ ఆర్డర్ వెళ్లి నార్వేకి పైన, ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్ మంచులో పడింది! టీమ్‌లో నెల రోజులు నన్ను 'ధ్రువపు ఎలుగుబంటి' అని పిలిచారు.

నాకడోచెస్ 31 డిగ్రీల 36 నిమిషాల ఉత్తరాన ఉంటుంది. డిగ్రీకి 60 నిమిషాలు, గడియారంలో లాగే. కాబట్టి దశాంశంలో అది 31.60. ఎవరైనా తొందరలో 31.36 అని రాస్తే? దాదాపు 27 కిలోమీటర్లు తప్పు. పడమర వైపు కాబట్టి రెండో నంబరుకి మైనస్ పెట్టాలి, అది మర్చిపోతే ముక్క టిబెట్‌లో తేలుతుంది. పరికరంలో పాత మ్యాప్ లెక్క సెట్ చేసి ఉంటే పదుల మీటర్ల తేడా. దట్టమైన అడవిలో పదుల మీటర్లంటే ఇంకో పూట వెతుకులాట. డబ్బాలు వెతికి వెతికి ఈ తప్పులన్నీ ముందే చేసి ఉన్నవాళ్లు కాబట్టి ఆ హాబీవాళ్లకి ఇవి కొట్టిన పిండి.

ఇంతకీ ఆ నంబర్లు ఎందుకంత ముఖ్యం? ముక్క ఏమిటో తెలిస్తే చాలు కదా? చాలదు. షటిల్ పడమర నుంచి తూర్పుకి వెళ్తోంది. ముందు ఊడిన ముక్క పడమర పడుతుంది, తర్వాత ఊడింది తూర్పున. బరువైనవి ఇంకా ముందుకి దూసుకెళ్తాయి. ఇంజిన్ భాగాలు ఏకంగా లూసియానాలో దొరికాయి. దొరికినవాటిలో అన్నిటికంటే పడమరది ఒక టైల్ ముక్క, టెక్సాస్‌లో ఆ చివర లిటిల్‌ఫీల్డ్ అనే ఊరి దగ్గర. మ్యాప్ మీద చుక్కలన్నీ పెట్టి చూస్తే ఎడమ రెక్క ముక్కలు ఎక్కువగా పడమర వైపే ఉన్నాయి. అంటే ముందు విరిగింది ఎడమ రెక్క! నేల మీద పడిన చోట్లే ఆకాశంలో ఏది ముందు, ఏది వెనక అని చెప్పేశాయి. అదే ముక్కని ఎవరైనా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి, మర్నాడు పోలీసుకి ఇచ్చినా, ఆ చుక్క పోయినట్టే.

తర్వాత అడవి మంటలు ఆర్పే సిబ్బంది వేలల్లో దిగారు. చేయీ చేయీ కలిపినంత దగ్గరగా వరసల్లో ముళ్లపొదల్లోంచి నడిచారు. మొత్తం 25,000 మందికి పైగా, 270 సంస్థలు. ఏడుగురి అవశేషాలూ రెండు వారాల్లోపే దొరికాయి. హెంఫిల్ అనే చిన్న ఊళ్లో ఆడవాళ్లు ఇళ్ల నుంచి వంటలు చేసి తెచ్చి ఈ జనానికి పెట్టారు. మార్చి 19న ఆ ఊరి దగ్గరే ఒక రికార్డర్ దాదాపు చెక్కుచెదరకుండా దొరికింది. అందులో వందల సెన్సార్ల లెక్కలున్న టేపు ఉంది. రెక్కలో వేడి ఎప్పుడు, ఎక్కడ మొదలైందో అది చెప్పింది. ఆ వెతుకులాటలోనే మార్చి 27న ఒక హెలికాప్టర్ కూలి ఇద్దరు చనిపోయారు. ఈ ఇద్దరి సంగతి మనవాళ్లు పెద్దగా చెప్పుకోరు.

చివరికి 84,000 ముక్కల దాకా దొరికాయి. బరువులో చూస్తే షటిల్‌లో 40 శాతం లోపే.

డాలస్ వైపు ఉండే మన తెలుగువాళ్లకి ఒక మాట. కల్పన మాస్టర్స్ చదివింది మీ పక్కనే, ఆర్లింగ్టన్ యూనివర్సిటీలో. చదువుకున్న ఆ ఊళ్ల మీదుగానే ఆ చివరి ప్రయాణం సాగింది. ఇక్కడ మన శ్రీహరికోట నుంచి 2002 సెప్టెంబర్‌లో వెళ్లిన మెట్‌శాట్ అనే వాతావరణ ఉపగ్రహానికి, ప్రమాదం జరిగిన నాలుగు రోజులకే కల్పన-1 అని పేరు మార్చారు.

వెతుకులాట 2003లోనే ముగిసింది అనుకున్నారు. 2011లో టెక్సాస్‌లో కరువొచ్చి నాకడోచెస్ చెరువులో నీళ్లు ఇంకిపోయాయి. బురదలో నాలుగడుగుల వెడల్పున్న గుండ్రటి ట్యాంకు బయటపడింది. కొలంబియాదే. ఎనిమిదేళ్లు నీళ్ల కిందే ఉంది. చూసినవాళ్లు దాన్ని ముట్టుకోలేదు, పోలీసులకు ఫోన్ చేశారు.

మీ ఊళ్లో ఎవరైనా జియోకాషింగ్ ఆడుతుంటే కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, బై!